అరకు దారిలో బండిలోనే వంట

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దూరం. పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి చేరిపోవచ్చు. ఈసారి మాత్రం తీరిగ్గా తిరగాలని రెండు రాత్రులకు క్యారవాన్ అద్దెకు తీసుకున్నాం. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు. బండిలో గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి కదా అని నేను వంటల పట్టికలో సాంబారు, పప్పుచారు కూడా రాశాను. అత్తయ్య చదివి, "శృంగవరపుకోట దాటితే ఘాట్ రోడ్డమ్మా, గిన్నెలో ఊగేది ఏదీ పెట్టుకోవద్దు" అన్నారు.

ఆ ఒక్క మాటతో పట్టికంతా మారింది. ముందురోజు ఎంవీపీ కాలనీ రైతు బజారు నుంచి దొండకాయలు, బెండకాయలు తెచ్చి, కడిగి, పాత పంచె మీద ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాకే తరిగి డబ్బాల్లో సర్దాను. తడి మిగిలితే బెండకాయ ముక్కలు మర్నాటికే జిగురుకడతాయి. ఉప్మా రవ్వను పోపుతో సహా వేయించి సీసాకెత్తాను. నీళ్లు మరిగించి పోస్తే చాలు, ఉదయం ఫలహారం సిద్ధం. పులిహోర పులుసు అత్తయ్య చేతిది. చింతపండు గుజ్జు దగ్గరపడి, అంచుల వెంట నూనె తేలి, గరిటె జారకుండా నిలిచేదాకా స్టవ్ దగ్గర నుంచి కదల్లేదు. నీరు అంతగా ఇగిరితేనే ప్రయాణంలో పాడవదట. దద్ధ్యోజనానికి మెత్తటి అన్నంలో పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపారు. తాటిపూడి జలాశయం ఒడ్డున మూత తీసేసరికి కమ్మగా తోడుకుని ఉంది, పులుపు లేదు.

మొదటి రాత్రి అనంతగిరిలో ఆగాం. అక్కడ బండి నిలుపుకోవడానికి చోటు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు, ఆ మాట ముందే చెప్పారు కూడా. కాఫీ తోటల పక్కన, చలిలో, వేడి అన్నం, కందిపొడి, నెయ్యి, దొండకాయ వేపుడు. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన భోజనం అదే. గాలికొండ దగ్గర టీ పెడదామంటే తలుపు తీయగానే మంట ఆరిపోయింది. వెంటనే సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేశాం. బండి కదిలే ముందు కూడా ప్రతిసారీ అలాగే కట్టేయాలి. బొర్రా గుహల దగ్గర కోతులున్నాయి, కిటికీలు మూయకుండా దిగకండి.

రెండో రాత్రి అరకులో ఒక ప్రైవేటు విడిది ఆవరణలో ఉన్నాం. కరెంటుకూ తాగునీటికీ కలిపి డబ్బు తీసుకున్నారు గానీ కుళాయిలో తుప్పు రంగు నీళ్లు వచ్చాయి. అడిగితే ఎవరూ పట్టించుకోలేదు, నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంటి నుంచి మోసుకెళ్లిన రెండు ఇరవై లీటర్ల డబ్బాలే ఆదుకున్నాయి. ఇంజను ఆపితే ఫ్రిజ్ చల్లబడటం లేదని కూడా దారిలోనే తెలిసింది. గడ్డకట్టించి తెచ్చిన నీళ్ల సీసాలు పక్కన ఉండబట్టి పాలు విరగలేదు.

మాంసం బండిలో వండలేదు, ఆ వాసన పరుపులకు పట్టేస్తుంది. రోడ్డు పక్కన ఒకామె దగ్గర బొంగు చికెన్ కొన్నాం. ఆమె నల్లబడిన బొంగును నిప్పుల మీంచి తీసి, మూతిలో కుక్కిన ఆకులు లాగి, అడ్డాకులో వంచగానే ఆవిరి మొహానికి కొట్టింది. నూనె చుక్క లేదు, ముక్క మాత్రం మెత్తగా ఉడికింది. పిల్లలు దాన్ని మా అన్నంలో కలుపుకుని మళ్లీ మళ్లీ అడిగి తిన్నారు.

డిసెంబరులో లంబసింగి వెళ్లాలనుకుంటున్నాం. బండి ఇదే తీసుకుంటాం గానీ, అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంజను ఆపించి, ఫ్రిజ్‌లో గంటసేపు పాలగిన్నె పెట్టి చూస్తాను.