‘డిజైన్ ప్యాటర్న్స్’ ఏడేళ్ళు వాడాక: బొమ్మ కింద పేజీల్లోనే అసలు సరుకు

‘డిజైన్ ప్యాటర్న్స్’ అంటే సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు పదేపదే ఎదురయ్యే సమస్యలకి 23 పరిష్కారాలు (ప్యాటర్న్‌లు) చెప్పే పుస్తకం. అంతకుమించి పరిచయం చేయను. ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళు చదివినా చదవకపోయినా దాని నలుగురు రచయితలకి పడ్డ ‘గ్యాంగ్ ఆఫ్ ఫోర్’ అనే పేరు వినే ఉంటారు. నేను రాసేది ఒక్క విషయం గురించి. ప్రతి ప్యాటర్న్‌లో కోడ్‌లోని ముక్కలు (క్లాసులు) ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చూపే బొమ్మ అయిపోయాక ‘కాన్సీక్వెన్సెస్’ (వాడితే వచ్చే లాభనష్టాలు), ‘ఇంప్లిమెంటేషన్’ (కోడ్‌లో పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి) అని రెండు భాగాలు వస్తాయి. నాకు తెలిసినవాళ్ళలో చాలామంది వాటిని చదవరు. నేనూ రెండేళ్ళు చదవలేదు. అందుకు నా మీద నాకున్న కోపం ఇంకా పోలేదు.

నేను ప్యాటర్న్స్ నేర్చుకున్నది అమీర్‌పేటలో, జావా కోర్సు చివరి వారంలో. సార్ బోర్డు మీద సింగిల్టన్, ఫ్యాక్టరీ, అబ్జర్వర్ రాసి, ‘ఇంటర్వ్యూలో ఈ మూడే అడుగుతారు, బొమ్మ వేసి చూపిస్తే చాలు’ అన్నారు. నోట్స్ జిరాక్స్ తీయించుకున్నాం. ఉద్యోగం వచ్చాక రెండో జీతంతో పుస్తకం కొన్నాను గానీ, చదివింది మాత్రం అమీర్‌పేట పద్ధతిలోనే. పైన రెండు లైన్లు, బొమ్మ, కోడ్ మీద ఓ చూపు, తర్వాతి ప్యాటర్న్.

అప్పట్లో మేం మందుల హోల్‌సేల్ వ్యాపారులకు స్టాక్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. ఒక మందు స్టాక్ మారితే మూడు చోట్లకి తెలియాలి: బిల్లింగ్ స్క్రీనుకి, మళ్ళీ ఆర్డర్ పెట్టాలా వద్దా అని లెక్క చూసే భాగానికి, ఆ మందు వస్తే చెప్పమన్న మెడికల్ షాపులకి మెసేజ్ పంపే భాగానికి. వినగానే ఎగిరి గంతేశాను. ఇది అబ్జర్వర్ ప్యాటర్నే: మారేది సబ్జెక్ట్, ఆ మార్పు తెలియాల్సినవి అబ్జర్వర్లు. సబ్జెక్ట్ ఒకటి, అబ్జర్వర్లు మూడు, పుస్తకంలో బొమ్మ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. క్వాంటిటీ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, వీటిలో ఏది మార్చే మెథడ్ (క్లాసులో ఒక పని చేసే కోడ్ ముక్క) అయినా చివర్లో నోటిఫై, అంటే అబ్జర్వర్లందరికీ కబురు పంపే మెథడ్, పిలిచేలా రాశాను. కోడ్ రివ్యూలో మెచ్చుకున్నారు కూడా. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

మార్చి 31 రాత్రి ఒక వ్యాపారి గోడౌన్ లెక్కంతా ఎక్సెల్‌లో పెట్టి ఒకేసారి ఎక్కించాడు. 1,800 పైచిలుకు లైన్లు. లైనుకి నాలుగు మార్పులు, మార్పుకో నోటిఫై. స్క్రీను చాలాసేపు బిగుసుకుపోయింది, అది పోనీ అనుకుందాం. మెసేజ్‌ల భాగం మాత్రం తన పని తాను నిజాయితీగా చేసుకుపోయింది. చెప్పమన్న ప్రతి షాపుకీ మందుకి నాలుగేసి మెసేజ్‌లు వెళ్ళాయి. అవి కూడా ఒకేలా లేవు. మొదటి దాంట్లో పాత బ్యాచ్, పాత రేటు. రెండో దాంట్లో కొత్త బ్యాచ్, పాత రేటు. నాలుగోది వచ్చేసరికి గానీ అన్నీ సరైనవి రాలేదు. పదకొండున్నరకి ఒక షాపాయన ఆ వ్యాపారికి ఫోన్ చేసి, ‘ఏమయ్యా, పడుకోనివ్వవా? ఇంతకీ రేటెంత?’ అని తిట్టాడట. వ్యాపారి మా మేనేజర్‌కి చేశాడు. మేనేజర్ నాకు చేశారు. ఆ టెన్షన్‌లో నేను తెల్లారేదాకా మెసేజ్‌లు పంపే కంపెనీ మీదే అనుమానంతో లాగ్స్ తిరగేశాను.

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేది. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. పొద్దున్నే వచ్చి, సంగతి విని, నా డెస్క్ మీదున్న పుస్తకం తీసి, 293వ పేజీలో మొదలయ్యే అబ్జర్వర్ దగ్గర నాలుగు పేజీలు తిప్పి నా ముందు పెట్టింది. ‘ఇది చదివావా తమ్ముడూ?’

చదవలేదు. నోటిఫై ఎవరు పిలవాలి అన్న ప్రశ్న అక్కడే ఉంది. మార్చే ప్రతి మెథడూ పిలిస్తే వాడేవాళ్ళకి గుర్తుపెట్టుకునే బాధ ఉండదు గానీ, వరసగా ఎన్ని మార్పులు చేస్తే అన్నిసార్లు అప్‌డేట్ నడుస్తుందని రాసి ఉంది. ఇంకొంచెం కింద, సబ్జెక్ట్ లోపలి లెక్క పూర్తిగా కుదిరాకే నోటిఫై చేయాలని ఉంది. అంటే షాపాయనకి పాత రేటు ఎందుకు వెళ్ళిందో కూడా. ఇదంతా అచ్చయింది 1994లో. నేను పుట్టిన ఏడాది.

సరే, రెండో దారి పట్టాను: మార్పులన్నీ చేశాక, చేసినవాళ్ళే చివర్లో ఒక్కసారి నోటిఫై పిలవాలి. బ్రహ్మాండంగా పనిచేసింది. మూడు వారాల తర్వాత రిటర్న్స్ స్క్రీను రాసిన కుర్రాడు ఆ పిలుపు మర్చిపోయాడు. వెనక్కొచ్చిన సరుకు గోడౌన్‌లో ఉంటే, బిల్లింగ్‌లో రెండు రోజులు ‘స్టాక్ లేదు’ అనే చూపించింది. మళ్ళీ పుస్తకం తెరిచాను. ఈ దారిలో వాడేవాళ్ళు మర్చిపోయే ప్రమాదం ఉందని ఆ వెంటనే రాసే ఉంది. పరిష్కారం దొరికిందన్న సంబరంలో సగంలో ఆపేశాను. చివరికి ‘మార్పులు మొదలు’, ‘మార్పులు ముగింపు’ అని రెండు మెథడ్‌లు పెట్టి, ముగింపులో దానంతటదే నోటిఫై అయ్యేలా చేశాం.

అప్పటినుంచి నేను ఏ ప్యాటర్న్ అయినా బొమ్మ వదిలేసి కింద నుంచే చదువుతాను. అలా చదివితే అన్నిచోట్లా ఇంత సరుకు దొరుకుతుందా అంటే, లేదు. ఒక క్లాసుకి ఒకే ఒక్క ఆబ్జెక్ట్ ఉండేలా చూసే సింగిల్టన్ చూడండి. కాన్సీక్వెన్సెస్ కింద ఉన్నవన్నీ లాభాలే. టెస్టులు రాసేటప్పుడు అది ఎంత ఏడిపిస్తుందో అక్కడ ఒక్క ముక్క లేదు. రచయితల్లో ఒకరైన ఎరిక్ గామా 2009లో ఒక ఇంటర్వ్యూలో, ఇప్పుడైతే సింగిల్టన్‌ని తీసేస్తానన్నాడు. అమీర్‌పేటలో మొదట చెప్పిందేమో అదే! కోడ్ అంతా సీ ప్లస్ ప్లస్, స్మాల్‌టాక్. జావాలో పనిచేసేవాళ్ళకి కొంత అనువాదం తప్పదు. స్ట్రాటజీ (పని చేసే పద్ధతిని అవసరాన్నిబట్టి మార్చుకునే ప్యాటర్న్) అని అంత విస్తారంగా చెప్పింది ఇవాళ చాలాచోట్ల ఒక లాంబ్డాతో, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్‌తో, అయిపోతుంది. అబ్జర్వర్ కోసం జావాలో మొదటినుంచీ ఉన్న క్లాసుని కూడా జావా 9 వచ్చినప్పుడు ఇక వాడొద్దని పక్కన పెట్టారు. 23 ప్యాటర్న్‌లలో నేను పని కోసం తెరిచినవి ఎనిమిదో తొమ్మిదో. ఇంటర్‌ప్రెటర్ జోలికి ఇంతవరకూ పోలేదు.

కొనమంటారా అంటే నేరుగా చెప్పలేను. నాకు కలిసొచ్చింది, ఒకే ప్రోడక్ట్ మీద నాలుగేళ్ళు ఉన్నాను కాబట్టి. నేను పెట్టిన మంట నేనే ఆర్పాల్సి వచ్చింది, పేజీ తిప్పి చూపించడానికి అక్క పక్కనే ఉంది. ఆరు నెలలకో ప్రాజెక్టు మారేవాళ్ళకి, ఒంటరిగా చదువుకునేవాళ్ళకి ఇది ఇలాగే పనికొస్తుందని అనుకోను. వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంటే మాత్రం సార్ చెప్పిన మూడు బొమ్మలే చూసుకోండి. నాకు ఉద్యోగం వాటితోనే వచ్చింది.

నా కాపీ ఇమ్మని మా తమ్ముడు అడుగుతున్నాడు, బీటెక్ మూడో ఏడు. 293 దగ్గర బైండింగ్ ఊడిపోయింది, చుట్టూ పెన్సిల్ గీతలు. ఇస్తే గీసినంత వరకే చదువుతాడని అనుమానం. ఇంకా ఇవ్వలేదు.