ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళకి ఏది మేలు: బదులు మనిషా, శిక్షణా, సపోర్ట్ గ్రూపా?

మంచాన పడ్డవాళ్ళనో, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చినవాళ్ళనో ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళు నన్ను తిప్పితిప్పి అడిగేది ఒకటే. ఉన్న డబ్బూ ఓపికా ఒక్కదానికే సరిపోతాయి. రోజుకి కొన్ని గంటలు మనిషిని పెట్టుకోవాలా, కౌన్సెలింగ్‌కో శిక్షణకో వెళ్ళాలా, లేక ఇదే కష్టంలో ఉన్నవాళ్ళు కలిసి మాట్లాడుకునే సపోర్ట్ గ్రూపులో చేరితే చాలా? అలసట అంటే ఏమిటో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా అసలు సంగతికొస్తాను.

ఏ సాయాన్నైనా నేను ఒక్క ప్రశ్న అడిగి చూస్తాను: దీన్ని వాడుకోవడానికి కావలసిన గంట ఎక్కణ్ణుంచి తేవాలి? కౌన్సెలింగ్ గంట అడుగుతుంది, రానూపోనూ ఇంకో గంట పడుతుంది. గ్రూపు ఎక్కువగా సాయంత్రాలే కలుస్తుంది, డిమెన్షియా ఉన్న చాలామందికి కంగారు పెరిగేది సరిగ్గా ఆ వేళకే. చివరికి ఫోన్లో యాప్ కూడా ఓ అరగంట కుదురుగా కూర్చోమంటుంది. మనల్ని ఏమీ అడక్కుండా గంట చేతికిచ్చేది ఒక్కటే, మన బదులు ఇంకొకరు వచ్చి కూర్చోవడం. అందుకే నా మొగ్గు అటే అని ముందే చెప్పేస్తున్నాను. అయితే పరిశోధనలు మాత్రం అంత సూటిగా నా పక్షాన లేవు.

వాటిలోకి వెళ్ళే ముందు ఒక మాట. సేవ చేస్తే ఆయుష్షు తగ్గుతుందని చాలామంది చెబుతుంటారు. అది 1999లో షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు రాసిన పత్రం నుంచి సగం పట్టుకొచ్చిన మాట. భార్యనో భర్తనో చూసుకుంటూ దానివల్ల బాగా నలిగిపోతున్నామని చెప్పిన పెద్దవయసువాళ్ళలో, అలా సేవ చెయ్యాల్సిన అవసరం లేని తోటివాళ్ళతో పోలిస్తే, నాలుగేళ్ళలో చావు ముప్పు 63 శాతం ఎక్కువని అందులో తేలింది. సేవ చేస్తున్నా నలగనివాళ్ళలో ఆ ముప్పు కనబడలేదు. 2013లో రోత్ బృందం ఇంకా పెద్ద లెక్క తీసింది. అందులో కుటుంబంలో ఎవరినైనా చూసుకుంటున్నవాళ్ళ మరణాల రేటు మిగతావాళ్ళకంటే 18 శాతం తక్కువే వచ్చింది. ముప్పంతా నలిగిపోవడంలో ఉంది. ఆ నలుగుడు ఎంతుందో చూసుకోవడానికి జరిట్ స్కేల్ అని 22 ప్రశ్నల పట్టీ ఉంది, ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 4 దాకా మార్కులు వేసుకోవాలి. ఇప్పుడొకసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి వేసుకుంటే తీసుకున్న సాయం పనిచేస్తోందో లేదో కొంత తెలుస్తుంది.

ఇక బదులు మనిషి సంగతి. డిమెన్షియా రోగుల కుటుంబాలకి ఇలా ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడం మీద 2014లో కోక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసే పరిశీలన, వచ్చింది. దొరికిన ప్రయోగాలు కొన్నే, నాణ్యత అంతంతమాత్రం. వాటిలో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదని తేల్చారు. అది చూసి కొందరు 'మనిషిని పెట్టుకోవడం దండగ' అనేస్తారు. నేను ఒప్పుకోను. 1998లో జరిట్ బృందం డే కేర్ మీద, అంటే రోగిని పగటిపూట ఉంచుకుని చూసే కేంద్రాల మీద, చేసిన అధ్యయనం చూడండి. అందులో వాళ్ళు లెక్కలోకి తీసుకున్నది వారానికి కనీసం రెండు రోజులు, మూడు నెలలపాటు పంపినవాళ్ళని. వాళ్ళలో ఒత్తిడీ డిప్రెషనూ తగ్గాయి. తేడా అంతా ఆ 'వారానికి రెండు రోజులు' అన్నదాంట్లోనే ఉందని నా నమ్మకం.

ఎందుకంటే 'అవసరమైతే పిలవండి, వస్తాం' అనే సాయాన్ని ఎవరూ పిలవరు. ఇవాళ ఎలాగో నడిచిపోయిందిలే, రేపు మరీ కష్టమైతే చూద్దాం అనుకుంటూనే నెలలు దొర్లిపోతాయి. అదే మంగళవారం పదింటికి మనిషి వస్తుందని తెలిస్తే సోమవారం రాత్రి నుంచే గుండెల మీద బరువు కాస్త దిగుతుంది. దంతాల డాక్టర్ దగ్గరికి అపాయింట్‌మెంట్ పెట్టుకోవచ్చు, స్నేహితురాలికి వస్తానని మాటివ్వచ్చు. ఎప్పుడొస్తుందో తెలియని ఆరు గంటలకన్నా వేళ తప్పని రెండు గంటలు మేలు. ఎన్ని గంటలని తర్వాత అడగండి, ఏ వారం ఏ వేళకని ముందు అడగండి.

ఇంకో తిరకాసు ఉంది. ఆ గంటల్లో ఏం చేస్తాం? 2009లో డేల్ లండ్, ఆయన సహచరులు ఇదే చూశారు. దొరికిన వ్యవధిని గడిపిన తీరు తమకే నచ్చలేదన్నవాళ్ళు తక్కువేమీ లేరు. ఇది మనకి చెప్పక్కర్లేదనుకోండి, మనిషి లోపలికి రాగానే మనం ఉతకాల్సిన దుప్పట్ల దగ్గరికి పరుగెడతాం. ఆ గంటలో ఏం చెయ్యాలో ముందురోజే ఒక పని అనుకుని పెట్టుకోవాలి, నిద్రైనా సరే. అదేదో విలాసం అని సిగ్గుపడక్కర్లేదు.

ఇంటికి వచ్చే అటెండెంటా, డే కేరా అంటే, రోగి నడవగలిగితే డే కేర్‌కే నా ఓటు. అటెండెంట్ వస్తే మనం ఇంట్లోనే ఉండిపోతాం, చెవి పక్కగదిలోనే ఉంటుంది. ఆమె రాని రోజు ఆ రోజంతా కూలబడుతుంది. డే కేర్‌లో ఒకరు రాకపోయినా ఇంకొకరుంటారు, ఇల్లు నిజంగా ఖాళీ అవుతుంది. కష్టం లేదని కాదు. పొద్దున్నే స్నానం చేయించి, బట్టలు మార్చి, బయల్దేరదీయడం దానికదే ఒక యుద్ధం, మొదటి వారాల్లో 'నేను రాను' అని మొరాయిస్తారు. చాలామంది అక్కడే మానేస్తారు. మూడు నెలల లెక్క అందుకే చెప్పాను. బొత్తిగా మంచం దిగలేనివాళ్ళని చాలా డే కేర్లు చేర్చుకోవు. అప్పుడు ఇంటికొచ్చే మనిషే గతి.

ఆ మనిషి చేతికి ఒక కాగితం ఇవ్వాలి. రోగం పేరూ మందుల పట్టికా డాక్టర్ చీటీలోనే ఉంటాయి. ఈ కాగితంలో రాయాల్సింది అక్కడ లేనిది. ఇలాగన్నమాట: 'మాత్ర బుగ్గలో దాచుకుంటారు, నీళ్ళు తాగాక నోరు తెరవమని చూడాలి. నడిపించేటప్పుడు ఎడమవైపు నిలబడాలి, ఆ కాలు ఈడుస్తారు. ఎడమ చెయ్యి పట్టి లాగకూడదు, భుజం జారుతుంది. మా అమ్మ వచ్చిందా అని అడిగితే ఎప్పుడో పోయిందని చెప్పొద్దు, అమ్మ ఎలా ఉండేదో చెప్పండి అనాలి. గొంతు పెద్దది చేస్తే భయపడతారు.' ఇది రాయడానికి ఒక సాయంత్రం పడుతుంది. రాసిస్తే 'నేను తప్ప ఎవరూ చూసుకోలేరు' అన్న మాటకి సగం బలం పోతుంది.

ఇప్పుడు శిక్షణ, కౌన్సెలింగ్. న్యాయంగా చెప్పాలంటే గట్టి రుజువులున్నది వీటికే. బ్రిటన్‌లో గిల్ లివింగ్‌స్టన్ బృందం 'స్టార్ట్' అనే ఎనిమిది విడతల కార్యక్రమం నడిపింది. 2013లో వచ్చిన ఫలితాల్లో డిమెన్షియా రోగుల్ని చూసుకునేవాళ్ళకి దిగులు, ఆందోళన తగ్గాయి, ఆరేళ్ళ తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. చెప్పినవాళ్ళు పెద్ద డాక్టర్లేం కాదు, సైకాలజీ చదివి తర్ఫీదు పొందిన పట్టభద్రులు. అమెరికాలో 'రీచ్ 2' అధ్యయనం 2006లో వెలువడింది. అక్కడ ఆరు నెలల్లో పన్నెండు విడతలు జరిగితే అందులో తొమ్మిది ఇంటికొచ్చి చేసినవే, మూడు ఫోన్లో. అవతలి మనిషి మన గుమ్మంలోకి రావడంతో ప్రయాణపు గంట మిగిలింది. ఈ ఫలితాల్లో ఆ మిగిలిన గంటకి కొంత వాటా ఉందని నా అభిప్రాయం. కాబట్టి కౌన్సెలర్ ఇంటికి రాగలరా, ఫోన్లోనైనా మాట్లాడగలరా అని మొదటే కనుక్కోండి.

చెయ్యి తిరిగే పనులు నేర్పే శిక్షణకి సమయం కూడా ముఖ్యమే. 2004లో లండన్‌లో కల్రా బృందం పక్షవాతం వచ్చినవాళ్ళ కుటుంబాలకి లేపడం, కూర్చోబెట్టడం, చర్మం పుండ్లు పడకుండా చూడటం లాంటివి నేర్పితే భారం, ఆందోళన తగ్గాయి. అదే పద్ధతిని 36 స్ట్రోక్ యూనిట్లలో (ఆసుపత్రుల్లో పక్షవాతం వార్డులు), రోగీ చూసుకునే మనిషీ కలిసిన తొమ్మిది వందలకి పైగా జంటల మీద పెద్ద ఎత్తున చేసి 2013లో ఫలితాలు ప్రకటిస్తే తేడా ఏమీ రాలేదు. రోగి ఇంకా ఆసుపత్రిలో ఉండగా నేర్పడం సరైన సమయం కాకపోవచ్చని ఆ పరిశోధకులే అన్నారు. నాకది సబబుగానే తోస్తుంది. బతుకుతాడో లేదో తెలియని వారంలో ఎత్తే విధానం ఎవరి బుర్రకెక్కుతుంది? ఇంటికొచ్చి, ఒకటి రెండుసార్లు నడుం పట్టేశాక ఆ పాఠం చెబితే జన్మలో మరిచిపోరు. ఆసుపత్రిలో చెప్పారు కదా అని సరిపెట్టుకోకుండా, డిశ్చార్జ్ అయ్యాక ఫిజియోథెరపిస్ట్‌ని ఇంకోసారి రమ్మనండి.

డిమెన్షియాలో మాత్రం రోజుకి పదిసార్లు గొడవలు అవుతుంటే శిక్షణే ముందు రావాలి. చీకటి పడేసరికి సంచి పట్టుకుని 'నేను మా ఇంటికి పోవాలి' అంటారు. 'ఇదే కదా మన ఇల్లు' అంటే అక్కడ మొదలవుతుంది రభస. 'అలాగే వెళ్దాం, ముందు కాసేపు కూర్చో, మీ ఇంట్లో ఎవరెవరున్నారు?' అనడం వస్తే చాలా సాయంత్రాలు గడిచిపోతాయి. వాదన పెట్టుకోవద్దని చెబితే చాలదు, అది పక్కనుండి ఎవరైనా చేసి చూపించాల్సిన విద్య. అది రాకుండా అటెండెంట్‌ని పెట్టుకున్నా ఆ అటెండెంట్ రెండు వారాలకే మానేస్తుంది.

కౌన్సెలింగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది కుటుంబాన్నంతా కూర్చోబెట్టే పద్ధతి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిట్టెల్‌మన్ నడిపిన అధ్యయనంలో 406 మంది, అందరూ అల్జీమర్స్ రోగుల భార్యలో భర్తలో. ఆరు విడతల్లో రెండే వాళ్ళతో విడిగా, నాలుగు బంధువులతో కలిపి. ఆ పైన గ్రూపు, అవసరమైనప్పుడు ఫోన్. 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం రోగిని నర్సింగ్ హోమ్‌కి (అక్కడ దీని అర్థం ఆసుపత్రి కాదు, ఉంచుకుని చూసుకునే చోటు) పంపాల్సిన రోజు మీడియన్ లెక్కలో 557 రోజులు వెనక్కి జరిగింది. అయినవాళ్ళ తోడు మీద పెరిగిన సంతృప్తి దానికి ఉన్న కారణాల్లో ఒకటి. ఇంట్లో మనం 'ఆదివారం నువ్వు చూడు' అంటే దెప్పినట్టుంటుంది, 'మేం రాకపోతే కదా' అని అలుగుతారు. మూడో మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే అదే తమ్ముడు డైరీ తీస్తాడు. పైసా ఖర్చు లేకుండా వేళ తప్పని గంటలు దొరికే దారి ఇదొక్కటే. కౌన్సెలింగ్‌కి ఒక్క విడతే వీలైతే అది అందరితో కలిపే పెట్టించుకోండి.

సపోర్ట్ గ్రూపులకి అభిమానులు ఎక్కువ, నేను అంత అభిమానిని కాను. దీనికి ఒక గొప్పతనం ఉంది, కాదనను. ఎదురుగా ఉన్న మనిషి బతికే ఉన్నా అయినవాడు పోయినట్టు అనిపించే దుఃఖం గురించి పౌలిన్ బాస్ అనే పరిశోధకురాలు దశాబ్దాలుగా రాశారు. దాన్ని బంధువుల దగ్గర అంటే తిడతారు, గ్రూపులో అంటే తలూపుతారు. 'ఇది ఎప్పుడు ముగుస్తుందా అనిపిస్తోంది' అన్న మాట పైకి అనగలిగే చోటు ఇంకెక్కడా ఉండదు. కానీ జబ్బు వేరు, దశ వేరు అయిన పదిమంది మధ్య కూర్చుంటే రాబోయే కష్టాలన్నీ ముందే విని మరింత బెంగతో ఇంటికొస్తాం. మీ జబ్బుదే, మీ దశకి దగ్గరగా ఉన్న గ్రూపైతే వెళ్ళండి. రెండు మూడుసార్లకి తేలిగ్గా అనిపించకపోతే మొహమాటపడకుండా మానెయ్యండి.

మిగిలినవి రెండు ముక్కల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ 'ఐసపోర్ట్' అనే ఆన్‌లైన్ శిక్షణలో డిమెన్షియా మీద అయిదు భాగాల్లో 23 పాఠాలున్నాయి, చదవడానికి బాగుంది, పుస్తకంగానూ దొరుకుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ ఫోన్లో పెట్టుకోండి, అంతకుమించి దాన్నుంచి ఆశించకండి. వారం రెండు వారాలు రోగిని ఎక్కడైనా ఉంచే ఏర్పాటు మీ ఆపరేషన్‌కో, తప్పని ప్రయాణానికో పనికొస్తుంది. కొత్త చోట డిమెన్షియా ఉన్నవాళ్ళు మరింత తికమకపడవచ్చు కాబట్టి ఊరికే సెలవు కోసమైతే రెండుసార్లు ఆలోచించండి.

నేను చెప్పిన ఈ వరస రెండు సందర్భాల్లో చెల్లదు. చచ్చిపోవాలనిపిస్తున్నా, రోగి మీద చెయ్యి లేచినా, లేస్తుందేమోనని భయమేసినా ఏది మేలని లెక్కలు వెయ్యకుండా ఆ రోజే డాక్టర్‌తో చెప్పాలి. రెండోది నిద్ర. రాత్రికి మూడు నాలుగుసార్లు లేవాల్సొస్తుంటే పగటి మనిషీ వద్దు, గ్రూపూ వద్దు, ఉన్న డబ్బంతా రాత్రి మనిషి మీదే పెట్టండి. వారానికి రెండు రాత్రులైనా చాలు, ఏ రెండు రాత్రులో మాత్రం ముందే ఖాయం చేసుకోండి. అదే సమయంలో రోగి రాత్రిళ్ళు ఎందుకు లేస్తున్నారో డాక్టర్‌ని అడగండి. నొప్పి వల్లో, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లో, సాయంత్రం వేసే మందు వల్లో అయితే దానికి చికిత్స ఉంటుంది, రాత్రి మనిషి అవసరమే లేకపోవచ్చు.