మామిడి తోటలో గడ్డికి బ్రష్ కట్టరా, తోసుకెళ్లే మెషినా?

ఈ జూన్‌లో మా నూజివీడు తోటకి, వెనక నడుస్తూ తోసే గడ్డి మెషిన్ కొన్నాను. అప్పటినుంచి ఫోన్ చేసినవాళ్లందరిదీ ఒకటే మాట: "భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్ ఉంది కదండీ, మళ్లీ ఇదెందుకు?"

ధరలో కట్టరే నయం. గట్ల మీదకి, కంచె వెంబడి, పాదుల దగ్గరికి కట్టర్ వెళ్లినట్టు ఈ మెషిన్ వెళ్లదు. రెండెకరాల లోపు వాళ్లకి అది చాలు.

నా మనసు మార్చింది రాయి. కిందటేడు కుర్రాడు కట్టర్‌తో వయ్యారిభామ కలుపు కొడుతుంటే, రాయి ఎగిరి ఎక్కడో దూరాన ఆపిన బైక్ అద్దం పగిలింది. కోసేవాడికి 50 అడుగుల లోపల ఎవరూ ఉండకూడదు. పొలంలో అది కుదిరేపనేనా? టీ తెచ్చినవాళ్లు నేరుగా పక్కకే వచ్చి నిలబడతారు. ఇంజన్ మోతకి తోడు చెవుల్లో ప్లగ్గులు, ఇక వాడికి పిలుపెక్కడ వినపడుతుంది! పైగా ఇనప బ్లేడు ముందు కుడి భాగం ఏ మోడుకో తగిలిందంటే కట్టర్ మొత్తం విసురుగా తన్నేస్తుంది. అందుకే కుడి నుంచి ఎడమకి ఊపుతూ, ఎడమ అంచుతో కోయాలి. కొత్తవాళ్లకి ఇది చెప్పేవాళ్లే ఉండరు.

తోసే మెషిన్‌లో బ్లేడు మూత కింద ఉంటుంది కాబట్టి రాళ్లు చాలావరకు దానికే కొట్టుకుంటాయి. పిడి దగ్గర లీవర్ వదిలితే మెషిన్ ముందుకు పోదు, బ్లేడుకి ఇంజన్ ఊపు అందదు. నేను దీనివైపు మొగ్గడానికి అసలు కారణం ఆ లీవరే. కాలు జారినా, పాము కనపడి ఎగిరి గంతేసినా చెయ్యి దానంతటదే వదిలేస్తుంది. చెయ్యి లాగుతోందని ఆ లీవర్‌ని బైండింగ్ వైరుతో కట్టేసేవాళ్లని చూశాను. అలా చేసేవాళ్లకి ఈ మెషిన్ వద్దు.

అయితే ఇదీ పూర్తిగా సాధువు కాదు. లీవర్ వదిలాక కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. గడ్డి చుట్టుకుపోతే ఇంజన్ ఆపి, బ్లేడు ఆగిందని చూసుకుని, స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకాకే కింద చెయ్యి పెట్టాలి. వాలులో అడ్డంగా నడపాలి. మంచు ఆరకముందు మొదలుపెట్టకూడదు. మెషిన్‌ని మన మీదకి లాక్కుంటూ వెనక్కి నడవకూడదు, డ్రిప్ పైపు కాలికి తగిలిందంటే అంతే. ముందు రోజు వరసల్లో ఒకసారి తిరిగి రాళ్లు, తీగ ముక్కలు ఏరిస్తాను. విసుగు పనే, కానీ మానను. ఇంజన్ చల్లారాకే పెట్రోల్ పోస్తాను. ఎండు గడ్డి మీద అసలు పొయ్యను.

గడ్డికి మిగతా దారులూ నాకు నచ్చలేదు. ట్రాక్టర్‌తో మట్టి తిరగేసే రోటవేటర్ చెట్ల పైపై వేర్లని తెంపేస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు పిచికారీని 2022లోనే కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకి పరిమితం చేసింది. మేకలంటారా, గడ్డికన్నా ముందు మామిడి చిగుళ్లే తింటాయి.

ఇప్పుడు వరసల మధ్య తోసే మెషిన్, గట్ల మీద నైలాన్ తీగ వేసిన కట్టర్. లేత మొక్కల బెరడుని ఆ తీగ కూడా చెక్కేస్తుంది కాబట్టి మొదలు చుట్టూ మూరెడు మేర కొడవలితోనే.