అంబాసిడర్‌లో అరకు: మూడు చుక్కల ఆయిల్‌కి 2,500 రూపాయలు

అరకులో మేం దిగిన ఒక రిసార్టులో, పార్కింగ్ టైల్స్ మీద మా కారు ఆయిల్ కార్చిందని 2,500 రూపాయలు కట్టించుకున్నారు. గది అద్దె 4,200. అంటే మేం నలుగురం పడుకున్నందుకు ఎంత తీసుకున్నారో, కారు బయట నిలబడినందుకు అందులో సగానికి పైగా తీసుకున్నారన్నమాట. పాత బండి ఉన్నవాళ్లు ఎవరైనా అరకు వెళ్దామనుకుంటే ఘాట్ రోడ్డుకి భయపడక్కర్లేదు. దిగే చోటు దగ్గరే జాగ్రత్తపడాలి. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4, పెట్రోలు బండి. నాన్న కొన్నారు, ఆర్‌సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. 1489 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కన గేరు, ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే సీటు. జనవరి నెలాఖరులో రాజమండ్రి నుంచి బయల్దేరాం. ముందు నేనూ నాన్నా, వెనక మా ఆవిడా బావమరిదీ. మా బావమరిది ఈమధ్యే పెద్ద కారు కొన్నాడు. ఏసీ లేని బండిలో రావడం అతనికి అస్సలు ఇష్టం లేదు. అన్నవరం దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, మాటా పలుకూ లేదు. ప్రసాదం తిన్నాక కొంచెం మెత్తబడ్డాడు.

హైవే మీద 60 నుంచి 70 మధ్య పోనిచ్చాం. అంతకు మించి తొక్కితే బండి వెళ్తుంది కానీ, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కాబట్టి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. పక్కనుంచి వెళ్లేవాళ్లు హారన్ కొట్టి బొటనవేలు చూపించడం, టోల్ గేట్ల దగ్గర కుర్రాళ్లు ఫోటోలు తీసుకోవడం దారి పొడుగునా ఉన్నదే. తుని దాటాక ఒక బంకులో ఆగితే అక్కడ పెట్రోలు కొట్టే అబ్బాయి అందరూ అడిగేదే అడిగాడు: "ఇంకా వీటిని రోడ్డు మీద తిప్పనిస్తున్నారా సార్?"

తిప్పనిస్తారు. మన దగ్గర సొంత కారుకి 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ ఫీజు ఒకప్పుడు 600. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. వింటేజ్ కింద రాయించుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తుంటారు. అది 50 ఏళ్లు నిండిన బండికే. మొదట 20,000 కడితే పదేళ్లపాటు చెల్లుతుంది, నంబర్ ప్లేట్ మీద 'వీఏ' అని వస్తుంది. కానీ ఆ నంబరుతో మామూలుగా రోడ్డు మీద తిరగనివ్వరు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు కొట్టించడానికో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. మాకైతే అక్కర్లేదు. తిరగని కారు ఇంట్లో ఎందుకు?

రాత్రికి కొండ కింద ఎస్.కోటలో (శృంగవరపుకోట) ఆగాం. బస్టాండుకి దగ్గర్లో లాడ్జి, గది 900, రెండు గదులు తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, నీళ్లు వచ్చాయి. అక్కడ ఆగడానికి కారణం ఒకటే, ఘాట్ పొద్దున్నే చల్లగా ఉండగా ఎక్కాలి. పాత బండితో అరకు వెళ్లేవాళ్లకి ఇదే నా గట్టి సలహా. మధ్యాహ్నం ఎండలో ఎక్కితే రేడియేటర్ మరుగుతుంది, ట్రిప్పంతా టెన్షన్.

మేం అనుకున్నట్టు ఆరింటికి బయల్దేరలేదు. మా ఆవిడకి టిఫిన్ చెయ్యకుండా కొండెక్కితే కళ్లు తిరుగుతాయి. బావమరిదికి వేడినీళ్లు రావాలి. ఎనిమిది దాటింది. కాశీపట్నం, టైడా వరకు మూడో గేరులో హాయిగా వచ్చాం. ఆ తర్వాత మలుపులు దగ్గర పడ్డాయి. ముందు పర్యాటకుల బస్సు ఒకటి నత్తలా పోతోంది, దాటడానికి చోటు లేదు, రెండో గేరులోనే ఈడ్చుకుంటూ ఎక్కాల్సి వచ్చింది. డముకు వ్యూ పాయింట్ ఇంకా కొంచెం దూరం ఉందనగా ఇంజిన్ తడబడి ఆగిపోయింది.

"చెప్పానా బావా?" అన్నాడు వెనకనుంచి.

నాన్న ఏమీ మాట్లాడకుండా దిగి బానెట్ ఎత్తారు. ఇది వేపర్ లాక్. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు ఇంజిన్‌కి గాలి సరిగా తగలదు. ఆ వేడికి ఫ్యూయల్ పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. ఇంజిన్ పక్కన ఉండే మెకానికల్ పంపు ద్రవాన్ని లాగగలదు కానీ ఆవిరిని లాగలేదు. దీనికి మందు తడిగుడ్డ. నాన్న భుజం మీది తువ్వాలు తడిపి పంపుకి చుట్టారు. బొంగులో చికెన్ అమ్మే ఒకావిడ తన బిందెలోంచి ఇంకో చెంబు నీళ్లిచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు. ఇరవై నిమిషాలు చెట్టు నీడలో కూర్చుని సెల్ఫ్ కొడితే స్టార్టయింది. ఆవిడ దగ్గరే 400 పెట్టి బొంగులో చికెన్ కొన్నాం. మసాలా తక్కువ, ముక్కకి వెదురు వాసన పట్టి చాలా బాగుంది. బావమరిది ఇంకోటి కొనమన్నాడు. ఆ రోజు అతను నోరు తెరిచి మెచ్చుకున్నది అదొక్కటే.

బొర్రా గుహలు, పద్మాపురం తోట అందరూ చూసేవే, మేమూ చూశాం. నాన్న గాలికొండ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు.

సాయంత్రానికి రిసార్టుకి చేరాం. ఫోటోల్లో బాగుంది, బయట కూడా బాగుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కారు చుట్టూ తిరిగి చూసి, ముఖద్వారం పక్కనే పెట్టించాడు. అక్కడ పెడితే కారు అందరికీ కనపడుతుందని అతని మాట. రాత్రి వచ్చిన పోయిన గెస్టులందరూ దాని పక్కన ఫోటోలు దిగారు. రిసార్టు వాళ్లు కూడా తీసుకున్నారు. పొద్దున గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు మీద అదనంగా 2,500 వేశారు. ఏమిటంటే 'ఫ్లోర్ క్లీనింగ్'.

వెళ్లి చూశాం. మూడు చుక్కలు. పావలా బిళ్లంత ఒక్కొక్కటీ.

ఈ ఇంజిన్ గురించి తెలిసినవాళ్లకి ఇది లోపం కాదని తెలుసు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పాత డిజైన్ ఇది. ఇంజిన్ లోపల తిరిగే ఇరుసుకి (క్రాంక్) వెనక చివర ఇప్పటి ఇంజిన్లకి ఉండే రబ్బరు సీలు దీనికి ఉండదు. మర చుట్టినట్టు ఒక గాడి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అది ఆయిల్‌ని లోపలికి నెడుతుంది. ఆపాక మిగిలింది రెండు మూడు చుక్కలు కిందికి దిగుతుంది. నాన్న ఇదంతా మేనేజర్‌కి ఓపిగ్గా చెప్పారు. "కొంచెం కిరసనాయిలూ పాత గుడ్డా ఇవ్వండి, నేనే తుడిచేస్తాను" అన్నారు. డెబ్బై దాటిన మనిషి అలా అంటుంటే మేనేజర్ కంప్యూటర్ వైపు చూస్తూ "రూల్ అండి" అన్నాడు. ఆ రూలు ఎక్కడ రాసుంది అని అడిగాను. బుకింగ్ కాగితంలో లేదు, గోడ మీద లేదు. సామాన్లు డిక్కీలో పెట్టాక గేటు తియ్యలేదు. మా ఆవిడ గొడవ వద్దని చొక్కా పట్టుకుని లాగుతుంటే కట్టేశాను. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు, జీఎస్‌టీ నంబరు కూడా లేదు. ఆ కాగితం, చుక్కల ఫోటో పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు.

నాకు డబ్బు పోయినందుకంటే నాన్న ముఖం చిన్నబోయినందుకు కోపం వచ్చింది. రాత్రంతా ఆ కారు పక్కన ఫోటోలు దిగి తమ ప్రచారానికి వాడుకున్నవాళ్లు, పొద్దున అదే కారుని మురికి వస్తువులా చూశారు. ఆశ్చర్యం ఏమిటంటే నాకన్నా ఎక్కువ అరిచింది మా బావమరిది. "మామయ్యగారు గుడ్డ పట్టుకోవడమేంటి?" అని వాళ్ల మీదికి వెళ్లాడు. అప్పట్నుంచి ఇంటికొచ్చే దాకా కారు గురించి ఒక్క మాట అనలేదు.

ఇంకో రాత్రి ఉందామనుకున్నాం కాబట్టి ఊరి చివర ఒక ఇంట్లో గదులు ఇస్తారంటే వెళ్లాం. గదికి 1,200, వేడినీళ్ల బకెట్టుకి 30, భోజనం మనిషికి 150. మంచం గట్టిగా ఉంది, బాత్రూమ్ గది బయట ఉంది. కానీ కారుకి మట్టి నేల, పైన రేకుల షెడ్డు. ఇంటాయన ఇంజిన్ చప్పుడు వింటూనే బయటికొచ్చారు. ఆయన చాలాకాలం పాడేరు దారిలో సర్వీసు ట్రెక్కర్ నడిపారట. ట్రెక్కర్ కూడా హిందుస్థాన్ మోటార్స్ బండే, అందులోనూ ఇదే ఇంజిన్. మేం అడగకముందే ఒక పాత రేకులో ఇసుక పోసి తెచ్చి ఇంజిన్ కింద పెట్టారు.

ఘాట్‌లో ఆగిన సంగతి చెబితే, ఒట్టి వేడే అయ్యుండదు, పంపు విప్పి చూద్దాం అన్నారు. ఆయనా నాన్నా కలిసి విప్పారు. పంపులో పెట్రోలుని లాగే రబ్బరు పొర ఉంటుంది, డయాఫ్రం అంటారు. దాని అంచులో సన్నని పగులు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాతకాలం రబ్బరుకి అది పడదు, ఉబ్బుతుంది లేదా పగులుతుంది. నాన్న 180 రూపాయల పంపు కిట్టు ఎప్పుడూ డిక్కీలో ఉంచుతారు. పాత పెట్రోలు కారుతో దూరం వెళ్లేవాళ్లు ఆ కిట్టు, ప్లగ్గులకి స్పార్క్ అందించే పాయింట్లు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, ఐదు లీటర్ల నీళ్లు లేకుండా గేటు దాటకండి. 2014లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, విడిభాగాలు ప్రతి ఊళ్లో దొరుకుతాయని అనుకోవద్దు. రాత్రి భోజనాలయ్యాక కూడా వాళ్లిద్దరూ షెడ్డులోనే కూర్చుని కమాన్ కట్టల గురించీ కార్బొరేటర్ గురించీ మాట్లాడుకున్నారు. మెకానిక్ పనికి ఎంతివ్వమంటారు అంటే ఆయన వద్దన్నారు. బలవంతాన 500 ఇంటావిడ చేతిలో పెట్టాం.

తిరుగుదారిలో పాడేరు మీదుగా దిగాం. ఇటు ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి దిగితే డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టదు, రెండో గేరులోనే దిగాలి. మాడుగులలో హల్వా కొన్నాం, కిలో 400. పెట్రోలుకి మొత్తం 6,800 అయింది, లీటరుకి దాదాపు పది కిలోమీటర్లు ఇచ్చింది. కొత్త పంపు కిట్టు పడ్డాక దారిలో ఎక్కడా ఆగలేదు.

వచ్చే చలికాలం మారేడుమిల్లి వెళ్దామని నాన్న అప్పుడే మొదలుపెట్టారు. ఈసారి గది ఎలా ఉంటుందని తర్వాత అడుగుతాను. ముందు ఫోన్ చేసి, పార్కింగ్ మట్టి నేలేనా, పాత కారు ఆయిల్ కారిస్తే ఛార్జీ ఏమైనా ఉందా అని అడిగి, లేదని వాట్సాప్‌లో రాసిచ్చిన చోటికే అడ్వాన్సు పంపిస్తాను.