సింగింగ్ బౌల్‌కి ఏది మేలు: పొడి గుడ్డా, నిమ్మకాయా, పాలిషా?

కొత్త సింగింగ్ బౌల్, అంటే కర్రతో కొట్టినా, అంచు చుట్టూ కర్ర తిప్పినా మోగే గిన్నె, తళతళలాడేది కొన్నాళ్ళే. మెల్లగా బంగారు ఛాయ తగ్గి గోధుమ రంగు కమ్ముతుంది, పట్టుకున్న చోటల్లా వేళ్ళ మచ్చలు తేలతాయి. ఇక సలహాలు మొదలవుతాయి. నిమ్మచెక్క మీద ఉప్పద్ది రుద్దమని ఒకరు, ఇత్తడి పాలిష్ వాడమని ఇంకొకరు, అసలు ముట్టుకోవద్దు, ఆ మసకే అందమని మరొకరు. ముగ్గురిలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. చిక్కల్లా ముగ్గురూ మూడు వేర్వేరు బౌల్స్ గురించి మాట్లాడటమే.

కాబట్టి మన చేతిలో ఉన్నది ఏమిటో ముందు చూసుకోవాలి. సుత్తితో కొట్టి చేసినదైతే అది సాధారణంగా కంచు. నూటికి 77, 78 పాళ్ళు రాగి, మిగతాది తగరం. నేపాల్‌లో చేతిపనిగా తయారయ్యే మంచి బౌల్స్ ఇవే. బంగారం, వెండి, పాదరసం కలిపి ఏడు లోహాలతో చేశామని అమ్మేవాళ్ళు చెబుతుంటారు గానీ, పరీక్ష చేసినప్పుడు తేలేది ప్రధానంగా రాగి, తగరమే. పోతపోసి, యంత్రం మీద నున్నగా చేసి, పైన బొమ్మలూ మంత్రాలూ చెక్కిన చవక రకం ఎక్కువగా ఇత్తడి, అంటే రాగి, జింకు. తెల్లగా మంచుపట్టినట్టు ఉండే క్రిస్టల్ బౌల్ కరిగించిన క్వార్ట్జ్. దాని లెక్క పూర్తిగా వేరు, చివర్లో చూద్దాం.

మెరుపు వేరు, మోత వేరు

రంగు మారితే మోత తగ్గుతుందన్న భయం చాలామందికి ఉంది. తగ్గదు. పైన కట్టే ఆక్సైడ్ పొర వెంట్రుక మందంలో చిన్న వంతు కూడా ఉండదు. అంత దళసరి గోడ కంపిస్తున్నప్పుడు ఆ పొర బరువెంత! మోతకు అడ్డం పడేవి వేరే ఉన్నాయి. లోపల పేరుకున్న జిడ్డు, తుడవకుండా వదిలేసిన నీళ్ళు, అన్నిటికన్నా ముఖ్యంగా అంచు మీద మిగిలిపోయిన నూనె, మైనం, పాలిష్.

కర్రను అంచు చుట్టూ తిప్పేటప్పుడు అది నున్నగా సాగిపోదు. పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పనే ఇది. ఆ పట్టు లేకపోతే నాదం పుట్టదు. పాలిష్ పెట్టి అద్దంలా మెరిపించిన బౌల్ తిప్పితే కర్ర ఊరికే జారిపోతుంటే, లోపం బౌల్‌ది కాదు, అంచు మీద మిగిలిన జిడ్డుది. స్పిరిట్ కొద్దిగా అద్దిన గుడ్డతో అంచు ఒక్కటీ తుడిచి చూడండి, మళ్ళీ పలుకుతుంది.

అంటే, చెవి కోసం శుభ్రం చేయాల్సింది అంచునీ లోపలి జిడ్డునీ. మిగతాదంతా కంటి కోసం. కంటి కోసం చేసే పనిలో లోహం ఎంత తక్కువ అరిగితే అంత మంచిది. ఇక్కడి నుంచి నా తూకం అంతా ఈ లెక్క మీదే.

పొడి గుడ్డ, సబ్బునీళ్ళు

వాడిన ప్రతిసారీ మెత్తటి నూలు గుడ్డతోనో మైక్రోఫైబర్‌తోనో ఒకసారి తుడిస్తే, ఆ తర్వాత చెప్పబోయే వాటిలో చాలావాటి అవసరమే రాదు. కారణం చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలి గుర్తు అంటే లోహం మీద పల్చటి ఉప్పు ముద్ర. అప్పటికప్పుడు తుడిస్తే పోతుంది. వారాల తరబడి వదిలేస్తే అక్కడ లోహమే రంగు మారి, గీతలతో సహా వేలిముద్ర గోధుమ రంగులో అచ్చుపడుతుంది. అప్పుడిక గుడ్డకు లొంగదు.

దుమ్ము, జిడ్డు బాగా పట్టినప్పుడు సబ్బునీళ్ళు. గోరువెచ్చని నీళ్ళలో గాఢత లేని లిక్విడ్ సబ్బు కొన్ని చుక్కలు, మెత్తటి స్పాంజి. అంతే. గిన్నెలు కడిగే యంత్రంలో వేయవద్దు, ఇనుప పీచు దగ్గరికి రానివ్వవద్దు. చెక్కిన గీతలున్న బౌల్ అయితే మెత్తటి బ్రష్షుతో ఆ గీతల్లోకి వెళ్ళాలి. కడగడం కంటే ఆరబెట్టడం ముఖ్యం. పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ, గీతల్లో నిలిచిన తడి దగ్గరే మొదటి పచ్చ చుక్క పుడుతుంది. గుడ్డతో తుడిచాక బోర్లించకుండా, గాలి తగిలేలా కాసేపు వదిలేయాలి.

నీళ్ళ గురించి ఇంకో మాట. బౌల్‌లో నీళ్ళు పోసి మోగించడం చాలామందికి సరదా. నీటి మీద అలలు లేస్తాయి, గట్టిగా తిప్పితే చుక్కలు ఎగిరి పడతాయి. 2011లో డెనిస్ టెర్వాన్, జాన్ బుష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీదే పరిశోధన పత్రం రాశారు. సరదా తీరాక నీళ్ళు పారబోసి తుడిచేస్తే ఏ ఇబ్బందీ లేదు. రాత్రంతా అలాగే వదిలేస్తే నీటి మట్టం దగ్గర వలయంలా ఒక మరక పడుతుంది. దాన్ని వదిలించడానికి పాలిష్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

నిమ్మ, చింతపండు, వెనిగర్

ఎక్కువమంది మొగ్గేది వీటి వైపే, ఎక్కువ బౌల్స్ పాడయ్యేదీ ఇక్కడే. నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం. మూడూ చేసేది ఒకటే, ఆక్సైడ్ పొరను కరిగించడం. రుద్దిన కొన్ని క్షణాల్లోనే గోధుమ రంగు విడిపోయి కింద లోహం మెరుస్తుంది, చూడ్డానికి ఇంద్రజాలమే.

అసలు సంగతి ఆ తర్వాత తెలుస్తుంది. బౌల్‌ను వెలుతురులో వాలుగా పట్టుకుని చూడండి. పసుపు రంగు మధ్య అక్కడక్కడా గులాబీ మచ్చలు కనిపిస్తాయి. కరిగిన రాగిలో కొంత తిరిగి లోహం మీదే పల్చగా పేరుకోవడం వల్ల వచ్చేవి అవి. ఇత్తడిలో అయితే ఆమ్లానికి జింకు ముందు లొంగిపోయి, పైపైన రాగి మిగిలిపోతుంది. నిమ్మరసం ఎక్కువసేపు నిలిచిన చోట మచ్చ గాఢంగా, కారిన చోట చారగా ఉంటుంది. పైగా పొర పోయి ఒట్టిగా మిగిలిన లోహం మామూలు కంటే త్వరగా మళ్ళీ నల్లబడుతుంది, అదీ మచ్చలు మచ్చలుగా.

ఉప్పు కలిపితే పని ఇంకా వేగంగా అవుతుంది. అందుకే ఆ చిట్కా అంత పేరు తెచ్చుకుంది. కానీ ఉప్పులోని క్లోరైడ్ కంచుకు మొదటి శత్రువు, ఎందుకో పచ్చ చిలుము దగ్గర చెబుతాను. వంట సోడా, నిమ్మరసం కలిపి పొంగించి రుద్దే చిట్కా మరీ విచిత్రం. ఆమ్లం, సోడా ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నురగ చూడ్డానికి బాగుంటుంది, మిగిలేది ఏ పనీ చేయని నీళ్ళు. సోడాకు ఉపయోగం వేరే చోట ఉంది. ఆమ్లంతో రుద్దడం అయ్యాక పల్చటి సోడా నీళ్ళతో కడిగితే గీతల్లో మిగిలిన పులుపు విరిగిపోతుంది.

చెక్కుడు లేని, నున్నటి, చవక ఇత్తడి బౌల్‌కైతే నిమ్మరసం వాడినా పెద్ద నష్టం లేదు. ఉప్పు లేకుండా, నీళ్ళు కలిపి, మొత్తం బౌల్‌కి సమానంగా, ఒక నిమిషంలోపు. వెంటనే సోడా నీళ్ళు, మంచినీళ్ళు, పొడి గుడ్డ. సుత్తిదెబ్బలున్న కంచు బౌల్‌కి మాత్రం నేను సిఫారసు చేయను.

పాలిష్

ఆమ్లానికీ పాలిష్‌కీ పోటీ పెడితే, మెరుపు విషయంలో పాలిష్‌దే గెలుపు. రంగు సమానంగా వస్తుంది, గులాబీ మచ్చలు రావు. ధర మాత్రం లోహంలో చెల్లించాలి. పాలిష్‌లో ఉండేది సన్నటి రాపిడి పొడి. గుడ్డ నల్లబడుతోందంటే ఆ నలుపులో మురికితో పాటు బౌల్ కూడా కొంత ఉంది. ఒకసారికి ఏమీ తేడా తెలియదు. నెలనెలా రుద్దితే సుత్తిదెబ్బల అంచులు మొద్దుబారతాయి, సన్నటి చెక్కుడు అరుగుతుంది, గీతల్లో నింపిన నలుపు ఊడిపోతుంది. తుడవకుండా మిగిలిన పాలిష్ గీతల్లో తెల్లటి పొడిగా గట్టిపడుతుంది, దాన్ని గీకి తీయడం ఇంకో తలనొప్పి.

కొన్ని పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది, మూత తీయగానే ఘాటుగా ముక్కుకు తగులుతుంది. రాగి మిశ్రమాలకు అమ్మోనియా ఏం చేయగలదో సైన్యం ద్వారా లోకానికి తెలిసింది. బ్రిటిష్ పాలనలో ఇక్కడి సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే ఇత్తడి గొట్టాలు పగిలి ఉండేవి. తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువుకు గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడై పగుళ్ళు వస్తున్నాయని 1921లో వివరణ దొరికింది. ఒకసారి పాలిష్ పెట్టి తుడిచేసినంత మాత్రాన బౌల్ పగిలిపోదు, పైగా ఈ బెడద కంచుకంటే ఇత్తడికే ఎక్కువ. అయినా అమ్మోనియా లేని క్రీము దొరుకుతున్నప్పుడు ఉన్నది కొనడం దేనికి?

యంత్రం మీద చేసిన మెరుపు బౌల్‌కి ఏడాదికి ఒకటి రెండుసార్లు క్రీము పాలిష్ ఫరవాలేదు. అయితే దాని మీద లక్క పూత ఉందేమో ముందు చూడండి. అంతా మెరుస్తూ, మధ్యలో ద్వీపాల్లా కొన్ని చోట్ల మాత్రమే నల్లబడిందంటే పూత అక్కడ ఊడిందన్నమాట. పూత మీద పాలిష్ రుద్దితే శ్రమ వృథా.

పాత బౌల్, అంటే తరాలు మారిన బౌల్ దగ్గర ఈ పోటీ అంతా ఆపేయాలి. దాని గోధుమ పొర దాని వయసుకు సాక్ష్యం. సేకరించేవాళ్ళు విలువ కట్టేది దాన్ని చూసే. పొడి గుడ్డ చాలు.

రెండు పచ్చలు

పచ్చ రంగు కనబడగానే కంగారుపడనక్కర్లేదు, రెండు రకాలున్నాయి. వేలితో రుద్దితే రాని, నున్నటి, గట్టి పచ్చ పొర నిలకడైన చిలుము. అది అలాగే ఉన్నా ప్రమాదం లేదు. లేత పచ్చగా, పొడిపొడిగా, గుల్లగా పైకి పొంగి, వేలికి అంటుకుని, తుడిచినా కొన్నాళ్ళకు అదే చోట మళ్ళీ వచ్చేది వేరు. మ్యూజియంల వాళ్ళు దీన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు. లోహంలో చేరిన క్లోరైడ్, గాలి, తేమ కలిసి ఆమ్లం పుడుతుంది, అది లోహాన్ని తింటుంది, ఆ చర్యలో క్లోరైడ్ మళ్ళీ విడుదలై చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఉప్పు వద్దన్నది. పాలిష్ దీన్ని ఆపలేదు, పైపొడి తీసేసి లోపలి తెగులును దాచిపెడుతుంది. బౌల్ మామూలుదైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, బాగా ఆరబెట్టి పొడి చోట ఉంచి గమనించండి. విలువైనదైతే నిపుణులకు చూపించాలి.

'శక్తి శుద్ధి' పేరుతో బౌల్‌ను ఉప్పులో పాతిపెట్టే అలవాటు కూడా ఇక్కడే తేల్చేద్దాం. నమ్మకం ఎవరిది వారిది. లోహానికి మాత్రం ఉప్పు చెడు చేస్తుంది. పొగ వేసే పద్ధతి నయం, తర్వాత జిడ్డు తుడిస్తే చాలు. ఎండలో పెట్టేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మెరుపు పెట్టిన బౌల్ లోపలి వంపు ఎండను ఒక చోటికి చేర్చే అద్దం. కిటికీ దగ్గర, కర్టెన్ పక్కన వదిలి వెళ్ళవద్దు.

నూనె, మైనం

కడిగాక నూనె రాయడం కంటే ఏమీ రాయకపోవడమే మేలు. నూనె దుమ్మును పడుతుంది, కాలం గడిచేకొద్దీ అందులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి జిగటగా పచ్చటి పదార్థం అవుతాయి. మెరుపు నిలవాలంటే మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం) నయం. 1950లలో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొంది, రినైసాన్స్ వ్యాక్స్ పేరుతో అమ్ముడయ్యే మైనం ఆ కోవలోదే. బయటి గోడకు కనిపించీ కనిపించనంత పల్చగా రాసి, గుడ్డతో రుద్దేయాలి. అంచుకు మాత్రం రాయకూడదు. అయినా రోజూ చేతిలో ఆడే బౌల్‌కి మైనం ఎన్నాళ్ళుంటుంది? అలమరలో ప్రదర్శనకు పెట్టేదానికే ఆ శ్రమ.

క్రిస్టల్ బౌల్

దీనికి పాలిష్, మైనం, నూనె ఏవీ అక్కర్లేదు. ఇది తుప్పు పట్టదు, నిమ్మరసం, ఉప్పు కూడా దీన్నేమీ చేయలేవు. మంచుపట్టిన రకానికి వేళ్ళ జిడ్డు గరుకు ఉపరితలంలో ఇరుక్కుంటుంది. కొద్దిగా సబ్బు, నీళ్ళు, నూగు రాల్చని గుడ్డ చాలు. రంగు పూత ఉన్నదానికి రాపిడి, స్పిరిట్ రెండూ వద్దు. అసలు ప్రమాదం తడి చేతుల్లోంచి జారడమే. కుళాయి గొట్టానికి అంచు తగిలినా ఆ బౌల్ కథ ముగిసినట్టే. కాబట్టి సింకులో కడగడం కంటే, బల్ల మీద తువ్వాలు పరిచి తడిగుడ్డతో తుడవడం మేలు.

దాచేటప్పుడు

లోహపు బౌల్‌కి నూలు సంచి, ఉన్ని సంచి, ప్లాస్టిక్ కవరు మూడింట్లో నూలుదే నా ఓటు. ఉన్నిలో గంధకం ఉంటుంది, దాని ఆవిర్లు రాగి మిశ్రమాలను నల్లబరుస్తాయి. రబ్బరు బ్యాండు, రబ్బరు మెత్త కూడా అంతే, తగిలిన చోట నల్లటి గీత పడుతుంది. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బంధిస్తుంది. తేమ ఎక్కువుండే గదిలో సంచితో పాటు ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి. తెగులు పట్టిన కంచు వస్తువుల చుట్టూ గాలిలో తేమ 40 శాతం లోపు ఉండేలా మ్యూజియంలు చూసుకుంటాయి. ఒకదానిలో ఒకటి పేర్చేటప్పుడు మధ్యన గుడ్డ తప్పనిసరి. కంచు గట్టిదే గానీ పెళుసు, కింద పడితే సొట్ట పడే బదులు పగలొచ్చు. సన్నటి పగులు కంటికి కనిపించకపోయినా, కొట్టినప్పుడు నాదంలో బరబరమనే చప్పుడు కలుస్తుంది. దానికి ఏ గుడ్డా ఏ పాలిషూ పనికిరావు.