కెనడా పీఆర్ కోసం ఫ్రెంచ్: ఏడో స్థాయి తెచ్చుకోవడానికి రెండేళ్లు

ఐఈఎల్‌టీఎస్‌లో మంచి మార్కులే వచ్చి, సీఆర్‌ఎస్ స్కోరు (వయసు, చదువు, భాషల్లాంటివాటికి కెనడా ఇచ్చే పాయింట్లు) మాత్రం 450 దగ్గర ఆగిపోయినవాళ్లు మన హైదరాబాద్‌లో బోలెడుమంది. మా ఇంట్లోనూ అదే పరిస్థితి. ఈ పాయింట్లను బట్టి పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) విడతలుగా, అంటే డ్రాలు తీసి, పిలిచే పద్ధతే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. 2024లో అందులో జనరల్ డ్రా కటాఫ్ ఒక్కటి కూడా 520 కిందికి దిగలేదు. పైగా ముప్పై వచ్చాక ప్రతి పుట్టినరోజుకీ ఐదారు పాయింట్లు పోతుంటాయి. ఉద్యోగం చేసుకుంటూనే రెండేళ్లకు పైగా ఫ్రెంచ్ చదివి, టెఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్ష రాసి, దాంతోనే పీఆర్ తెచ్చుకున్నాను. ఇప్పుడు ఒట్టావాలో ఉంటున్నాం. ఫ్రెంచ్ పనిచేస్తుందా అంటే తప్పకుండా పనిచేస్తుంది. కాకపోతే నోరు తిరిగేదాకా, కలం కదిలేదాకా నేర్చుకోవాలి. పరీక్షకు సరిపడా బట్టీ పడితే చాలదు.

వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కు కెనడా వాడే స్థాయిల కొలత) 7 రావాలి. ఇంగ్లిష్‌లో సీఎల్‌బీ (ఇంగ్లిష్‌కు అలాంటి కొలతే) 5 ఉంటే అప్పుడు 50 పాయింట్లు కలుస్తాయి, రెండో భాష కింద ఇంకో 12. మొత్తం 62. మూడింటిలో 9 వచ్చి ఒక్కదాంట్లో 6 వచ్చినా ఆ 50 రావు. అసలు లాభం వేరే ఉంది. 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా డ్రాలు తీస్తున్నారు. 2024 ఫిబ్రవరి 29న కటాఫ్ 336. 2025 మార్చిలో 7,500 మందిని పిలిచినప్పుడు 379. ప్రతిసారీ అంత కిందికి రాదు, 2024 నవంబరులో 478 దాకా వెళ్లింది. ఇదంతా క్యూబెక్ బయట స్థిరపడేవాళ్లకే. క్యూబెక్ దారి వేరు.

‘ఆరు నెలల్లో బీ2 గ్యారంటీ’ అనే బోర్డులను నమ్మకండి. ఏ1, ఏ2, బీ1, బీ2 అనేవి ఒకదాని మీద ఒకటి ఉండే భాషా స్థాయిలు, బీ2 అంటే ఇంచుమించు మనకు కావాల్సిన ఆ 7. నేను మొదట చేరిన ఇన్‌స్టిట్యూట్‌లోనూ అదే మాట చెప్పారు. నెలల తరబడి వ్యాకరణం పూరించే కాగితాలే తప్ప ఒక్కరి చేతా నోరు తెరిపించలేదు. కష్టపడి సంపాదించిన డబ్బు కట్టినవాళ్లతో అలా చేయడం అన్యాయం. ఏ1, ఏ2 చకచకా అయిపోతాయి. బీ1 నుంచి బీ2కి వెళ్లడమే పెద్ద చదువు, చాలామంది మానేసేది కూడా అక్కడే.

వినడంలో మనకు రెండు చోట్ల దెబ్బ పడుతుంది. అక్షరం కనబడితే పలకడం మనకు అలవాటు. ఫ్రెంచ్‌లో చివరి అక్షరాలు చాలావరకు పలకరు. అతను మాట్లాడతాడన్నా, వాళ్లు మాట్లాడతారన్నా చెవికి ‘ఇల్ పార్ల్’ అనే వినిపిస్తుంది. రెండోది అంకెలు. 97 అంటే నాలుగు ఇరవైలూ పదిహేడు. రైలు టైమో, ధరో చెప్తుంటే మనం కూడికలు చేసుకునేలోపు తర్వాతి ప్రశ్న వచ్చేస్తుంది. నాకు బాగా పనికొచ్చింది ఆర్‌ఎఫ్‌ఐ రేడియోవాళ్ల సులభ ఫ్రెంచ్ వార్తలు. పైసా ఖర్చు లేదు. టీవీ5మోండ్ పాఠాలు కూడా ఉచితమే, అవీ బాగుంటాయి.

ఇక మాట్లాడే పరీక్ష. పదిహేను నిమిషాలు, రెండు భాగాలు. మొదటిదాంట్లో ఒక ప్రకటన చేతికిస్తారు, మీరు ఫోన్ చేసినట్టు ఐదు నిమిషాల్లో ఓ పది ప్రశ్నలు అడిగి వివరాలు రాబట్టాలి. ప్రకటనలో ఉన్నదే మళ్లీ అడిగితే లాభం లేదు. దీనికోసం అమీర్‌పేట గోడల మీద ఉండే టు-లెట్, హాస్టల్, జిమ్ ప్రకటనలు ఫోటో తీసుకుని, మెట్రోలో నిలబడి ఒక్కోదానికి పది ప్రశ్నలు ఫ్రెంచ్‌లో గొణుక్కునేదాన్ని. అడ్వాన్స్ ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి... ఇవన్నీ మనం రోజూ అడిగేవే కదా! రెండో భాగం పది నిమిషాలు. ఎగ్జామినర్ మీ స్నేహితుడవుతాడు, అతణ్ని ఒక పనికి ఒప్పించాలి. ‘టైమ్ లేదు’, ‘డబ్బుల్లేవు’ అని అడ్డం తిరుగుతూనే ఉంటాడు. మొదటి భాగమంతా ‘వూ’తో మర్యాదగా, రెండోది ‘త్యు’తో చనువుగా సాగాలి. మీరు, నువ్వు తేడా తెలిసిన మనకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఆన్‌లైన్‌లో విడిగా ఒక ట్యూటర్‌ని పెట్టుకుని, వారంవారం అడ్డు చెప్పించుకుని మరీ సాధన చేశాను. నేను పెట్టిన ఖర్చులన్నింటిలో పూర్తిగా గిట్టుబాటైంది అదొక్కటే.

రాయడం గంటసేపు. మొదలుపెట్టి వదిలేసిన వార్తను కనీసం 80 మాటల్లో ముగించాలి, తర్వాత ఏదైనా అభిప్రాయం మీద పత్రికకు 200 మాటల ఉత్తరం రాయాలి. దిద్దేవాళ్లు లేకుండా ఇది మెరుగుపడదు.

డెల్ఫ్ అనే ఇంకో ఫ్రెంచ్ పరీక్ష సర్టిఫికెట్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి చెల్లదు. టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి. ఫలితం రెండేళ్లే పనికొస్తుంది కాబట్టి తొందరపడి రాయకండి.

నలభైకి దగ్గరపడి, నెలాఖరుకల్లా పీఆర్ తేలిపోవాలన్నంత టెన్షన్‌లో ఉన్నవాళ్లకు నేను ఈ దారి చెప్పను. రోజుకో గంటన్నర ఇవ్వగలిగి, రెండేళ్లు ఓపిక పట్టగలిగితే మాత్రం ఈరోజే మొదలుపెట్టండి. దంపతులైతే ఇంకో విషయం చూసుకోవాలి. ఆ 50 పాయింట్లు ప్రిన్సిపల్ అప్లికెంట్ (ఎవరి పేరు మీద దరఖాస్తు వేస్తారో వాళ్లు) ఫ్రెంచ్‌కే వస్తాయి. మా ప్రొఫైల్ మొదట మా ఆయన పేరు మీద ఉండేది. నా ఫలితం వచ్చాక నన్ను ప్రిన్సిపల్‌గా పెట్టి కొత్తగా వేశాం. మీ ఇద్దరిలో ఎవరికి భాష త్వరగా అబ్బుతుందో, ఎవరికి సాయంత్రాలు ఖాళీ దొరుకుతాయో ముందే కూర్చుని మాట్లాడుకోండి.