మొదటి రోడ్ బైక్‌కి తక్కువలో మంచి టైర్లు: కాంటినెంటల్ అల్ట్రా స్పోర్ట్ 3

కొత్తవాళ్ల కోసం అమ్మే రోడ్ బైక్‌లకి కంపెనీ వేసి ఇచ్చే టైర్లు చాలావరకు గట్టి రబ్బరువి, అంచులో ఇనుప తీగ ఉన్నవి, బరువైనవి. బైక్ రేటు తగ్గించాలంటే ముందు కోత పడేది టైర్ల మీదే కదా. నా బైక్‌కి వచ్చినవి కూడా అలాంటివే, రోడ్డు తడిగా ఉంటే మలుపు దగ్గర భయంభయంగా తిప్పాల్సి వచ్చేది. అవి అరిగాక కాంటినెంటల్ అల్ట్రా స్పోర్ట్ 3 వేయించా, 28 ఎంఎం వెడల్పు, అంచులో ఇనుప తీగ లేని మడతపెట్టే రకం. ముందే చెప్పేస్తున్నా, తక్కువ డబ్బుల్లో మొదటిసారి టైర్లు మార్చేవాళ్లు ఎవరడిగినా నేను ఇవే చెప్తున్నా.

వేసిన వెంటనే తెలిసేది గ్రిప్. ఇందులో వాడే రబ్బరు పేరు ప్యూర్‌గ్రిప్. అదే కంపెనీ ఖరీదైన టైరు గ్రాండ్ ప్రీ 5000లో బ్లాక్‌చిల్లీ అనే వేరే రబ్బరు ఉంటుంది, దానికింద వెక్ట్రాన్ పొర కూడా ఉంటుంది పంచర్లు ఆపడానికి. అల్ట్రా స్పోర్ట్‌లో ఆ పొర లేదు, తక్కువకి రావడానికి అదొక కారణం. కానీ ఇప్పుడిప్పుడే తొక్కడం నేర్చుకునేవాళ్లకి, వారానికి నాలుగు రోజులు సరదాగా వెళ్లొచ్చేవాళ్లకి, గ్రాండ్ ప్రీకి పెట్టే డబ్బులకి తగ్గ తేడా కాళ్లకి తెలియదని నా అభిప్రాయం. బైక్‌తో వచ్చిన టైర్ల నుంచి దీనికి మారితే మాత్రం గట్టిగా తెలుస్తుంది, సైకిల్ తేలిగ్గా దొర్లుతుంది, బ్రేక్ పట్టినప్పుడు నమ్మకంగా ఆగుతుంది.

చూడ్డానికి నున్నగా ఉంది, గాడులు పెద్దగా లేవు, వానలో జారదా అని చాలామంది అడుగుతారు. గాడులు లేనంత మాత్రాన జారదు. కారు టైరు వెడల్పు, స్పీడు కూడా ఎక్కువ కాబట్టి నీళ్లు పక్కకి పోవడానికి గాడులు కావాలి. సైకిల్ టైరు సన్నం, గుండ్రం, లోపల ప్రెషర్ ఎక్కువ, మనం తొక్కే స్పీడులో నీళ్లని అదే చీల్చుకుని రోడ్డుని పట్టుకుంటుంది. తడిలో పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం, సరైన గాలి. అందుకే గాడులు చూసి టైరు ఎంచుకోకండి ప్లీజ్. ఇది చదివి ఒక్కరైనా ఆ పని మానితే నాకు చాలా సంతోషం.

సైజు దగ్గర కాస్త ఓపిగ్గా చూసుకోండి. మీ పాత టైరు పక్కన 25-622, 28-622 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, మొదటిది వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ మీద కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 700సీ అనే రోడ్ బైక్ చక్రం సైజుకి ఆ రెండోది ఎప్పుడూ 622 ఉండాలి. వెడల్పు మాత్రం మీ ఫ్రేముని, బ్రేకుల్ని బట్టి, పాత రిమ్ బ్రేక్ బైకుల్లో కొన్నిటికి 25 దాటితే పైన తగులుతుంది, డిస్క్ బ్రేక్ బైకుల్లో చాలావాటికి 28 హాయిగా పడుతుంది. ఇంకోటి, రిమ్ లోపలి వెడల్పు ఎక్కువైతే 28 అని రాసిన టైరు కొలిస్తే 29, 30 కూడా రావచ్చు, కాబట్టి ఫోర్క్ దగ్గర, వెనక ఫ్రేము దగ్గర రెండు పక్కలా ఖాళీ ఉందో లేదో చూసుకునే కొనండి. 28 పట్టే బైక్ అయితే 25 కొనకండి, 28తో ఒంటికి కుదుపు తగ్గుతుంది, స్పీడు ఏమీ పోదు.

అల్ట్రా స్పోర్ట్ ట్యూబ్ వేసుకునే టైరు. రిమ్ హుక్‌లెస్ రకం (లోపలి అంచులో టైరుని పట్టుకునే కొక్కెం లేనిది) అయితే దీని జోలికి వెళ్లొద్దు, దానికి ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే టైరే వేయాలి, ఇది పడిపోయి దెబ్బలు తగిలే విషయం. అలాగే ఇదే పేరుతో తీగ రకం, మడత రకం రెండూ దొరుకుతాయి, మడతది తేలిక, ఆర్డర్ పెట్టేముందు ఏది వస్తుందో చదవండి.

గాలి సంగతి. టైరు పక్కన మాక్సిమం అని రాసి ఉంటుంది చూడండి, అది అంతకు మించి కొట్టొద్దని చెప్పడానికే, అంత కొట్టమని కాదు. రాయిలా కొడితే గతుకుల మీద బైకు ఎగిరెగిరి పడుతుంది, గ్రిప్ పోతుంది, స్పీడు కూడా తగ్గుతుంది. 70 కిలోల మనిషి 28 ఎంఎం వేసుకుంటే 70 పీఎస్ఐ చుట్టుపక్కల మొదలుపెట్టి, వెనక కొంచెం ఎక్కువ ముందు కొంచెం తక్కువ పెట్టుకుని, ఒంటికి ఏది బాగుందో చూసుకోవచ్చు. మరీ తగ్గిస్తే గుంతలో పడినప్పుడు ట్యూబ్ రిమ్‌కీ రోడ్డుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సైకిల్ ట్యూబ్‌లో గాలి దానంతటదే తగ్గుతుంటుంది కాబట్టి గేజ్ ఉన్న పంపు ఒకటి కొనుక్కోవడం చాలా అవసరం, వేలితో నొక్కి చూస్తే ఏమీ తెలియదు.

మీరు తిరిగే రోడ్ల మీద గాజు ముక్కలు, ముళ్లు ఎక్కువైతే మాత్రం ఇది మీకు కాదు. అప్పుడు ష్వాల్‌బే లుగానో చూడండి, అందులో కే-గార్డ్ అనే పంచర్ పొర ఉంటుంది, ఇంకొంచెం డబ్బులు పెట్టగలిగితే కాంటినెంటల్‌లోనే గేటర్‌స్కిన్ ఉంది, పక్క గోడలు కూడా గట్టిగా ఉంటాయి. ఆ పొరల వల్ల టైరు కాస్త బరువుగా దొర్లుతుంది, రోడ్డు పక్కన కూర్చుని ట్యూబ్ మార్చే బాధతో పోలిస్తే అది ఎంత. మామూలు రోడ్లైతే అల్ట్రా స్పోర్టే హాయి, జేబులో ఒక స్పేర్ ట్యూబ్, టైరు ఊడదీసే లీవర్లు రెండు ఉంచుకోండి.

వెనక టైరు ఎలాగూ ముందే అరుగుతుంది, బరువు ఎక్కువ పడేదీ తొక్కే బలం పడేదీ దాని మీదే, మధ్యలో చదునుగా అయిపోతుంది. అరిగిన దాన్ని ముందుకి మార్చకండి. ముందు చక్రం జారితే బైకుని నిలబెట్టుకోవడం చాలా కష్టం. ముందున్న టైరు ఇంకా బాగుంటే దాన్ని వెనక్కి వేసి, కొత్తది ముందు వేయించండి. ఒక్క టైరుకే డబ్బులున్నా అంతే, కొన్న ఆ ఒక్కటీ ముందు చక్రానికే.